భోజనాల తర్వాతి పేపరు

మా ఇంట్లో రెక్సిన్ సంచులకు కరువు లేదు. రాజనీతిశాస్త్రం చదివినవాళ్ళకు చివరికి ఆస్తంటూ ఏదైనా మిగిలితే అవే. సెమినార్‌కు వెళ్తే ఒక సంచి, వర్క్‌షాపుకు వెళ్తే ఒక సంచి, లోపల నాలుగు తెల్లకాగితాలు, రాయని పెన్ను. పైన బంగారు రంగులో అచ్చేసిన సెమినార్ పేరు రెండు వానలకు రాలిపోతుంది, సంచి మాత్రం మనతోనే ముసలిదవుతుంది. ‘ప్రజాస్వామ్యం: సవాళ్ళు’ సంచిలో మా అమ్మ తన ఎక్స్‌రేలు పెట్టుకునేది. ‘సమాఖ్య వ్యవస్థ’లో రేషన్ కార్డు, కరెంటు బిల్లులు. ‘పంచాయతీరాజ్’లో చింతపండు. ఆ మాటకొస్తే నా చదువు మా ఇంటికి అంతకు మించి పనికొచ్చిన సందర్భాలు తక్కువ.

మా ఎం.ఏ. పిల్లలు అప్పుడప్పుడు స్టాఫ్‌రూముకు వచ్చి, ఈ రంగంలో పైకి రావాలంటే ఏమేం అవకాశాలున్నాయని అడుగుతారు. నేను కళ్ళద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఓరియంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు, పరిశోధనా పద్ధతుల శిక్షణ అని ఏకరువు పెడతాను. పాపం, వాళ్ళు బుద్ధిగా రాసుకుంటారు. నేను పైకి వచ్చిన దారి మాత్రం వాళ్ళకు చెప్పను. అది చెప్పాలంటే ముందు ప్రతి విద్యార్థికీ ఒక రైల్వే కాలనీ, ఒక చిన్న గుడి, డ్యూటీలు మార్పించగల నర్సు తల్లి కావాలి. అవి ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వదు.

మా అమ్మ రాయ్‌పూర్ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాన్న గూడ్సు రైలు గార్డు, ఇంట్లో కంటే బ్రేకు వ్యానులోనే ఎక్కువ కాలం గడిపినవాడు. ఇద్దరిదీ విజయనగరం వైపు. పెళ్ళి కాగానే విజయనగరం-రాయ్‌పూర్ రైలు పట్టుకుని వచ్చి, రైల్వే క్వార్టర్లో దిగి, రెండేళ్ళలో వెనక్కి వెళ్ళిపోదామనుకుంటూ ఉండిపోయినవాళ్ళు. ఇంట్లో మా ఊరి తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల దగ్గర ఛత్తీస్‌గఢీ, ఆదివారం గుడిలో బైబిలు తెలుగు. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. నాకు ఈ నాలుగూ వచ్చు, ఏదీ పూర్తిగా రాదు. అందుకని ఇంగ్లీషు మీద పడ్డాను. ఎవరికీ సరిగ్గా రాని భాషలో మన తప్పులు బయటపడవని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఎం.ఏ.లో ఫస్టు క్లాసు రావడంతో కళ్ళు నెత్తికెక్కాయి. పిహెచ్.డి.లో చేరాను. మా గైడు సారు బనారసు పాన్ నమిలే పెద్దమనిషి, చెడ్డవాడు కాదు, కానీ ఆయనకు వింధ్య పర్వతాలకు కింద ఉన్నదంతా ఒకటే ఊరు. “నువ్వు మద్రాసీవి కదా బేటీ, మద్రాసీల మీదే పరిశోధన చెయ్యి” అన్నారు. మేం తెలుగువాళ్ళం సార్ అన్నాను. “అదే, అదే” అన్నారు. అలా ‘రాయ్‌పూర్ తెలుగు అల్పసంఖ్యాకుల రాజకీయ భాగస్వామ్యం’ నా నెత్తిన పడింది. నాకూ బాగానే ఉందనిపించింది. పరిశోధన కోసం రిక్షా ఎక్కనక్కర్లేదు, చెప్పులేసుకుని బయల్దేరితే చాలు.

ప్రశ్నావళి పట్టుకుని కాలనీలో ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు, కొన్ని ఇళ్ళలో అన్నం పెట్టారు, ఒక ఇంట్లో సంబంధం కూడా చెప్పారు. రాజకీయాల్లో మీకు ఆసక్తి ఉందా అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. “మనకెందుకమ్మా అయ్యన్నీ. మనం డ్యూటీ, గుడి, ఇల్లు, అంతే.” మా గుడి అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రతి ఆదివారం లోకం సంగతులకు దూరంగా ఉండమని చెప్పేవారు. నర్సు సిస్టరుగారి కూతురు ఇంటికొచ్చి అడిగితే, అయ్యగారు వద్దన్న పని చేస్తున్నామని ఎవరు చెబుతారు? ఈ ముక్క తట్టడానికి ఫస్టు క్లాసు అక్కర్లేదు, కాస్త బుర్ర ఉంటే చాలు. అది లేక నేను అన్ని కాగితాల్లోనూ ‘ఆసక్తి లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాను.

ఆ రోజుల్లోనే క్రిస్మస్ వచ్చింది. అమ్మ మా గుడి స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఆ పదవి ఊరికే రాలేదు, ఎదురింటి ఆంటీని ఓడించి గెలిచింది. అంతకుముందు ఏడాది క్రిస్మస్ రాత్రి తనకు దొరికిన సెలవును ఒక నర్సుకు, ఈస్టరు సెలవును ఇంకో నర్సుకు వదిలేసుకుని, వాళ్ళ చేతా వాళ్ళ తోటికోడళ్ళ చేతా చెయ్యెత్తించింది. ఎదురింటి ఆంటీ ఆ తర్వాత చాలా నెలలు అమ్మతో సూటిగా మాట్లాడలేదు, గోడవైపు చూసి మాట్లాడేది. సరే, ఆ క్రిస్మస్‌కు అమ్మ వార్డు కౌన్సిలర్ను పిలిచింది. ముందు వరుసలో కూర్చోబెట్టి, మెడలో దండేసి, ప్లేటులో పెద్ద కేకు ముక్క పెట్టింది. ఆయన నోటి నిండా పెట్టుకున్నాక, గుడి ముందున్న కాలువకు మూత లేక ముసలివాళ్ళు పడిపోతున్నారని మెల్లగా చెప్పింది. ఆయన మింగలేక, కాదనలేక తలూపాడు. ఆ తలూపడానికి సంఘమంతా చప్పట్లు కొట్టింది. పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు కాలువ మీద సిమెంటు పలకలు పడ్డాయి. అంతసేపూ ఆయన పక్కన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది నేనే. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ‘ప్రజాప్రతినిధులతో వీరికి ఎటువంటి సంబంధాలూ లేవు’ అని నా పేపర్లో రాసింది కూడా నేనే.

ఆ పేపరు మీద నా బతుకు ఆధారపడి ఉంది. ఢిల్లీలో పరిశోధనా పద్ధతుల మీద మూడు నెలల శిక్షణ ఉండేది. మా విశ్వవిద్యాలయానికి ఒకటే సీటు. అది చేసి వచ్చినవాళ్ళకు కాలేజీలో లెక్చరరు ఉద్యోగం దాదాపు ఖాయం. ఆ శిక్షణ నడిపే ఢిల్లీ ప్రొఫెసరు మా సెమినార్‌కు ముఖ్య వక్తగా వస్తున్నారని, రిసెర్చి స్కాలర్ల పేపర్లు విని ఒకరిని ఎంచుకుంటారని గైడు సారు చెప్పారు. ఎంపిక కాకపోతే ఏమిటన్నది అమ్మ ముందే చెప్పి ఉంచింది. ఆసుపత్రి ఆఫీసులో టైపిస్టు పోస్టు ఖాళీగా ఉంది, మాట్లాడి పెట్టింది.

“చదువు చదువు అన్నావు, చదివించినాం. ఇది గాకపోతే మరేటి? టైపు మిషను కాడ కూకో. అదీ నౌకరీయే గదే” అంది.

నాకు టైపు మిషను శబ్దం అంటేనే ఏడుపొచ్చేది. గదిలో ఫ్యాను కింద కూర్చుని ఎవరో రాసిందాన్ని జీవితమంతా కొడుతూ ఉండటం. ఢిల్లీ సీటు రాకపోతే నా కథ ముగిసినట్టే అనుకున్నాను. ఆ వయసులో అన్నిటికీ అలాగే అనుకుంటాం గానీ, ఇందులో అబద్ధం లేదు, అంతకు మించి నాకు తెలిసిన దారి లేదు.

సెమినార్ల సంగతి తెలియనివాళ్ళకు ఒక విషయం చెప్పాలి. మా దగ్గర సర్టిఫికెట్లు భోజనాల దగ్గరే పంచేవారు. దుర్గ్ నుంచీ బిలాస్‌పూర్ నుంచీ వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం రైళ్ళుంటాయి కదా. పొద్దున దీపం వెలిగించడం, సరస్వతి పటానికి దండ, పెద్దలకు శాలువా, కొబ్బరికాయ, స్వాగతం, ఆ స్వాగతానికి ధన్యవాదాలు, వీటితో పదకొండున్నర అయ్యేది. ఆ తర్వాత పెద్దవాళ్ళ ఉపన్యాసాలు. ఆ తర్వాత పూరీలు, బూందీ రాయితా, గులాబ్‌జామ్. ఒక చేత్తో గులాబ్‌జామ్, ఇంకో చేత్తో సర్టిఫికెట్ అందుకున్న మనిషిని మళ్ళీ హాల్లో చూసినవాడు లేడు. స్కాలర్ల పేపర్లు భోజనాల తర్వాత ఉండేవి. అంతకుముందు ఒకసారి నేను అలాగే చదివాను. వినడానికి మైకు అతనున్నాడు, అదీ మైకు అతనిది కాబట్టి. టెంట్‌హౌస్ వాళ్ళు వెనక వరుస నుంచి కుర్చీలు మడుచుకుంటూ వచ్చారు. నేను ముగింపుకు వచ్చేసరికి వాళ్ళూ మొదటి వరుసకు వచ్చారు. ‘ఈ అంశంపై మరింత లోతైన పరిశోధన అవసరం’ అంటుండగా నా కుర్చీ కూడా తీసుకెళ్ళారు.

ఈసారి నలుగురం స్కాలర్లం. మిగిలిన ముగ్గురివీ పెద్ద పెద్ద విషయాలు, అంతర్జాతీయ రాజకీయాలు, రాజ్యాంగ సవరణలు. వాటిని భోజనాల ముందు పెట్టారు. నాది ఊళ్ళో విషయం, పైగా మద్రాసీల విషయం. అది భోజనాల తర్వాతికి జరిగింది. ప్రొఫెసరుగారి రైలు సాయంత్రం కాబట్టి ఆయన ఉంటారట. ఖాళీ హాల్లో, కడుపు నిండిన ఢిల్లీ ప్రొఫెసరుకు, కుర్చీలు మడిచే చప్పుడు మధ్య నా పేపరు వినిపించాలి. ఆ రోజు ఇంటికొచ్చి గిన్నెలు విసిరేశాను.

“ఏటైందే” అంది అమ్మ, డ్యూటీకి వెళ్ళడానికి తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

చెప్పాను. భోజనాల తర్వాత నరమానవుడు ఉండడని, ఖాళీ కుర్చీలకు చదువుకోవాలని, ఇక టైపు మిషనే గతి అని చెప్పి ఏడ్చాను.

“ఎన్ని కుర్చీలే అక్కడ?” అని అడిగింది.

ఇంత బాధలో ఉంటే కుర్చీల లెక్క అడుగుతుందేమిటని ఒళ్ళు మండింది. ఎన్నో నాకు తెలియదన్నాను. అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నాకు కొద్దిగా జ్వరం, గుడికి వెళ్ళలేదు. వెళ్ళుంటే జరగబోయేది నాకు ముందే తెలిసేది.

సెమినార్ రోజు నేను కొత్త చీర కట్టుకుని, ఇంగ్లీషు పేపరు నాలుగుసార్లు గట్టిగా చదువుకుని వెళ్ళాను. పొద్దున అంతా అనుకున్నట్టే జరిగింది. ముగ్గురు స్కాలర్లూ చదివారు. భోజనాల వాసన వస్తుంటే హాలు నిండా జనం ఉన్నారు కానీ, అందరి మొహాలూ తలుపువైపే. ప్రొఫెసరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆలోచిస్తున్నారని గైడు సారు అన్నారు.

భోజనాలయ్యాక, రిక్షాల్లో వెళ్ళిపోతున్న పండితులను చూస్తూ హాలువైపు నడిచాను. గుమ్మం ముందు ఆగిపోయాను. చెప్పులు. వరుసగా, జతలు జతలుగా, హవాయి చెప్పులు, నర్సుల తెల్ల చెప్పులు, రైల్వేవాళ్ళ మొరటు బూట్లు. సెమినార్ హాలు బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళే జనం రాయ్‌పూర్ మొత్తంలో ఒకళ్ళే ఉంటారు. మా గుడివాళ్ళు.

లోపల ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, మధ్యలో దారి. ఆడవాళ్ళంతా తల మీద కొంగు వేసుకుని ఉన్నారు. ముందు వరుసలో డ్యూటీ తెల్లచీరలోనే అమ్మ, పక్కన అయ్యగారు, ఆయన పక్కన రిటైరైన ఫిట్టరు తాతగారు. సంఘంలో అందరికంటే పెద్దవాడు, గొంతు కూడా ఆయనదే పెద్దది. వెనక సగం ఆసుపత్రి, సగం కాలనీ. ఎదురింటి ఆంటీ కూడా వచ్చింది, గోడవైపు చూస్తూ కూర్చుంది. కుర్చీ ఒక్కటీ ఖాళీ లేదు. మన బిడ్డ ఢిల్లీ పండితుల ముందు ప్రసంగం చేయబోతోంది, అందరం వెళ్ళి బలపరచాలని అయ్యగారు ఆదివారం ప్రకటించారట. డ్యూటీల సంగతి అమ్మ చూసుకుందట. ఎవరి నైటు ఎవరికి పడిందో, ఆ బాకీలు అమ్మ ఎప్పటికి తీర్చుకుందో నేను అడగలేదు.

“వచ్చీసినాం” అంది అమ్మ. “నువ్వు చదువుకో.”

వెనకే ప్రొఫెసరుగారు వచ్చారు. గుమ్మంలో చెప్పులు చూసి, ఇక్కడి ఆచారం కాబోలనుకుని తనూ బూట్లు విప్పారు. ఆయన విప్పాక గైడు సారుకు తప్పింది కాదు. ఆయన మేజోడుకు చిల్లు, అందులోంచి బొటనవేలు. ఇద్దరూ మేజోళ్ళతో వేదిక ఎక్కి కూర్చున్నారు. నిండిన హాలును చూసి ప్రొఫెసరుగారి కళ్ళలో నిద్ర ఎగిరిపోయింది. వీళ్ళంతా ఎవరని అడిగారు. “జనతా, సార్. మా ఊరివాళ్ళకు విషయం మీద చాలా ఆసక్తి” అన్నారు గైడు సారు, బొటనవేలు కుర్చీ కిందికి లాక్కుంటూ.

నాకు ఒకే ఒక్క ధైర్యం, పేపరు ఇంగ్లీషులో ఉంది. మా వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు, చదివేసి దిగిపోవచ్చు. ‘రెస్పెక్టెడ్’ అన్నానో లేదో ప్రొఫెసరుగారు చెయ్యెత్తి ఆపారు. ఇంతమంది సామాన్యులు శ్రమపడి వచ్చారు కదా, వాళ్ళకు అర్థమయ్యేలా హిందీలో చెప్పండి అన్నారు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు నా ప్రాణం పోయింది. మా వాళ్ళలో హిందీ రానివాళ్ళు ఎవరూ లేరు.

ఇక తప్పదు. కాగితం చూస్తూ, మనసులో హిందీ చేసుకుంటూ మొదలుపెట్టాను. ఈ సముదాయం రాజకీయ సభలకు వెళ్ళదు అన్నాను. తర్వాతి వాక్యానికి హిందీ వెతుక్కుంటూ ఆగాను. మా గుడిలో ప్రసంగీకులు ఆగితే ఊరుకోవడం మర్యాద కాదు, సంఘం జవాబు ఇవ్వాలి. ఫిట్టరు తాతగారు నిండుగా “స్తోత్రం” అన్నారు. ప్రొఫెసరుగారు ఉలిక్కిపడ్డారు. నేను చెమటలు తుడుచుకుని, వీళ్ళకు రాజకీయాల మీద ఆసక్తి లేదు అన్నాను. మగవాళ్ళ వరుసలన్నీ “ఆమేన్” అన్నాయి. అప్పుడు నాకర్థమైంది. నేను వీళ్ళను నిందిస్తున్నానని భయపడుతుంటే, వాళ్ళకు అది మెప్పుగా వినబడుతోంది. లోకానికి దూరంగా ఉన్నారని, అయ్యగారు ఇన్నేళ్ళుగా చెబుతున్నది చేసి చూపించారని, ఢిల్లీ మనిషి ముందు పిల్ల సాక్ష్యం చెబుతోంది. అయ్యగారి మొహం వెలిగిపోతోంది.

ఎంత తొందరగా ముగిద్దామన్నా ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోవాలి కదా. తీసుకున్న ప్రతిచోటా ఆమేన్. వీరిలో నాయకత్వ లక్షణాలు కొరవడ్డాయి అన్నప్పుడు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఎదురింటి ఆంటీ, అదీ సూటిగా అమ్మవైపు చూస్తూ. ఎన్నో నెలల తర్వాత ఆవిడ చూపు గోడ దిగింది.

ప్రజాప్రతినిధులతో వీరికి ఎటువంటి సంబంధాలూ లేవు. ఈ వాక్యం చెబుతూ తలెత్తితే అమ్మ కనబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పుకుని వింటోంది. ఒక్కసారిగా నాకు కేకు ప్లేటు గుర్తొచ్చింది. నోటి నిండా కేకుతో తలూపిన కౌన్సిలరు గుర్తొచ్చాడు. సిమెంటు పలకలు గుర్తొచ్చాయి, నా చేతిలోని నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. ఆ పలకల మీద నడుస్తూనే ఇల్లిల్లూ తిరిగి ఈ పేపరు పూర్తి చేశాను నేను. కళ్ళ ముందున్నది చూడటానికి నేర్చుకున్న శాస్త్రం నా కళ్ళకు గంతలు కట్టింది. మిగిలిన రెండు పేజీలు వదిలేసి, ధన్యవాదాలు చెప్పి ఆగిపోయాను. అంతా కలిసి మళ్ళీ ఆమేన్ అన్నారు.

ప్రొఫెసరుగారు లేచి మైకు దగ్గరకు వచ్చారు. నా జీవితంలో మొదటిసారి, పరిశోధన ఎవరి మీద జరిగిందో వాళ్ళే వచ్చి వినడం చూస్తున్నాను అన్నారు. అంతటితో ఊరుకోక, హాలువైపు తిరిగి, ఈ అమ్మాయి చెప్పింది నిజమేనా, మీకు నిజంగా రాజకీయాలంటే ఆసక్తి లేదా అని అడిగారు.

నా పని అయిపోయిందనుకున్నాను. కాలనీ అంతటికీ ఒక్కొక్కరి వోటు ఎటు పడిందో తెలుసు. ఇప్పుడు ఎవరో ఒకరు లేచి కాలువ కథ చెబితే, ఆ కథతో పాటే నా సీటు కూడా ఆ కాలువలో కొట్టుకుపోతుంది. అమ్మ లేచింది. కొంగు సర్దుకుంది.

“సర్, హమారీ బేటీ జో బోలీ, సబ్ సహీ హై” అంది, మా అమ్మాయి చెప్పిందంతా నిజమేనని, వార్డులో డాక్టరుకు జవాబు చెప్పే గొంతుతో. తర్వాత వెనక్కి తిరిగి, “ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తండి” అంది తెలుగులో.

చేతులన్నీ లేచాయి. ఫిట్టరు తాతగారిది లేచింది, అయ్యగారిది లేచింది. ఎదురింటి ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి తనూ ఎత్తింది. కుర్చీల కోసం వెనక కాచుకుని ఉన్న టెంట్‌హౌస్ అతను కూడా ఎందుకైనా మంచిదని ఎత్తాడు. ప్రొఫెసరుగారు ఆ చేతులవైపు చూస్తూ ఉండిపోయారు. క్షేత్రంతో ఇంత దగ్గరి అనుబంధం ఉన్న పరిశోధకురాలిని చూడలేదని, ఢిల్లీలో మిగతాది నేర్పుతామని, సీటు నాదేనని అక్కడికక్కడే చెప్పారు. ఆ అనుబంధం పెంచుకోమని మొదటి రోజే సలహా ఇచ్చింది తానేనని గైడు సారు వినయంగా విన్నవించుకున్నారు.

ఇంటికి వెళ్ళడానికి అమ్మా నేనూ ఒకే రిక్షా ఎక్కాం. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. అమ్మ ఒళ్ళో నా కొత్త రెక్సిన్ సంచి. దాని జిప్పు తీసి, వేసి, బాగుందో లేదో చూస్తోంది.

“అమ్మా, కౌన్సిలర్ని పిలిచి కేకు పెట్టి కాలవ మూయించింది నువ్వు కాదా” అన్నాను.

“అవును. మరేటి?”

“అది రాజకీయం కాదా?”

“అది రాజకీయమేటే? అది పని” అంది. “రాజకీయమంటే టోపీలు పెట్టుకుని తిరగడం.”

“మరి ఆంటీ చేత కూడా ఎలా చెయ్యెత్తించావు? మీ ఇద్దరికీ మాటల్లేవు కదా.”

“దానికీ నాకూ గుడిలో పడదు. బయట పడకపోడమేటి?” అంది. “మన పిల్ల అంతమంది ముందర ఒక్కతీ నిలబడి ఉంటే, అది ఏటి చెప్తందో చూసి చెయ్యెత్తుతామేటే? ముందు చెయ్యెత్తుతాం. తప్పో ఒప్పో ఇంటికాడ చూసుకుంటాం.”

నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు గిన్నెలు విసిరి ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఇన్ని పుస్తకాలు చదివి నేను వెతుకుతున్నది నా పక్కనే కూర్చుని జిప్పు సరిగ్గా పడుతోందో లేదో చూస్తోంది. వీళ్ళను నేను ప్రేమించినంతగా చూడలేదు, అదే నా తప్పు. రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు. “పరీక్ష పాసైందిలే భయ్యా, అందుకే ఏడుస్తంది” అంది అమ్మ, తనకొచ్చిన హిందీలో.

ఢిల్లీ రైలు ఎక్కే ముందటి ఆదివారం గుడిలో నా కోసం ప్రార్థన పెట్టారు. మేలు పొందినవాళ్ళు సాక్ష్యం చెప్పాలి, అది మా పద్ధతి. అయ్యగారు నా పేరు పిలిచారు. చేతిలో కాగితం లేకుండా అంతమంది ముందు నిలబడటం నాకు అదే మొదటిసారి. ఇంగ్లీషు లేదు, హిందీ లేదు, ఉన్నది మా ఇంటి తెలుగే.

నా పేపర్లో మీ గురించి రాసిందంతా తప్పండీ అన్నాను.

“ఆమేన్” అన్నారు ఫిట్టరు తాతగారు.

మీ అంత రాజకీయం తెలిసినవాళ్ళను నేను చూడలేదండీ అన్నాను. కొంతమంది అయ్యగారివైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, విన్నారో ప్రార్థన చేసుకుంటున్నారో తెలియదు. ఆడవాళ్ళ వరుసల్లోంచి ముందు ఒకటి, ఆ తర్వాత అన్నీ, హాల్లో కంటే గట్టిగా స్తోత్రాలు వినబడ్డాయి. వాళ్ళ గురించి తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా వాళ్ళ జవాబు ఒకటే. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అమ్మ వచ్చి నా భుజం పట్టుకుని కిందికి దింపింది. పక్కన కూర్చోబెట్టుకుని, కొంగుతో నా మొహం తుడుస్తూ చెవిలో చెప్పింది.

“ఆ ముక్క ఢిల్లీలో చెప్పీకు. ఉద్యోగం వచ్చినాక చెబుదువు గాని.”